కంఠస్థం చేసిన కథ

బోరిస్ లోజ్‌కిన్ తీసిన ఫ్రెంచి సినిమా 'సులేమాన్ కథ' (2024) గురించి నాలుగు మాటలు. నేను కామర్స్ చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. సినిమా కళ గురించి తీర్పు చెప్పలేను గాని, దరఖాస్తుల గురించి కొంత తెలుసు. ఇది దరఖాస్తు గురించిన సినిమా.

గినీ దేశం నుంచి పారిస్ చేరిన సులేమాన్ సైకిలు మీద హోటలు భోజనాలు ఇళ్ళకు చేరవేస్తుంటాడు. కాగితాల్లేనివాడికి ఆ పని ఇవ్వరు కనుక మరొకడి ఖాతా అద్దెకు తీసుకుంటాడు. మధ్యమధ్య ఫోను ముఖం చూపించమంటుంది. అసలు ఖాతాదారు దగ్గరకి పరుగెత్తాలి. (బినామీలు మనకేం కొత్త!) రెండు రోజుల్లో శరణార్థుల కార్యాలయంలో ఇంటర్వ్యూ. దానికోసం బారీ అనేవాడు డబ్బు పుచ్చుకుని రాజకీయ ఖైదు కథ ఒకటి అమ్ముతాడు. సులేమాన్ సైకిలు తొక్కుతూ దాన్ని వల్లిస్తుంటాడు. రెండు రోజుల్లో ఇన్ని కష్టాలు ఒకడి నెత్తిన కుప్పపోయడం కాస్త ఎక్కువే.

ఇంటర్వ్యూ దృశ్యమే సినిమాకు ప్రాణం. ఒకే ఏజెంటు రాసిచ్చిన అర్జీలు పదేసి చదివినవాళ్ళకు ఆ అధికారిణి అలసట ఇట్టే అర్థమవుతుంది. వల్లించినదంతా తడబడి, చివరికి సులేమాన్ నిజం చెప్పేస్తాడు: జబ్బుపడిన తల్లి కోసం బయలుదేరానని. నిజం గెలిచిందని మనసు తేలికపడబోతుంది. కాని ఏం గెలిచింది? 1951 జెనీవా ఒప్పందం ప్రకారం జాతి, మతం, జాతీయత, సామాజిక వర్గం, రాజకీయాభిప్రాయం, వీటి మూలంగా వేధింపు భయం ఉన్నవాడే శరణార్థి. తల్లి జబ్బుకు ఆ ఫారంలో గడి లేదు. నిజం చెప్పి తన కేసు తానే బలహీనపరుచుకున్నాడు. ఫలితం చూపకుండా దర్శకుడు తప్పించుకున్నాడనవచ్చు. నా లెక్కలో అదే నిజాయితీ. చూపితే తిరస్కారమే చూపాలి, లేదా అబద్ధమాడాలి.

తిరస్కారం తర్వాత ఏమవుతుందన్నది సినిమా బయట నడిచింది. సులేమాన్‌గా నటించిన అబూ సంగారే వృత్తినటుడు కాదు, మెకానిక్కు. అతనూ గినీవాడే. నివాస అనుమతి కోసం మూడుసార్లు అర్జీ పెట్టుకుంటే మూడుసార్లూ కాదన్నారు. 2024 మేలో కాన్ చిత్రోత్సవంలో ఒక విభాగంలో ఉత్తమ నటుడయ్యాడు. అక్టోబరులో సినిమా ఫ్రాన్సులో విడుదలైనప్పుడు అతని చేతిలో ఉన్నది దేశం విడిచిపొమ్మనే ఉత్తరువే. ఫ్రెంచి కాగితం విలువ యానాం పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు. 2025 జనవరిలో అనుమతి వచ్చింది, ఏడాదికి. మరుసటి నెల సెజార్ బహుమతి.