పుస్తెల దాకా వచ్చిన రాయబారం

మామిడి కోతల రోజుల్లో మా రెడ్డిగూడెంలో ఎవరికీ తీరిక ఉండదు. అలాంటి ఒక మధ్యాహ్నం గుడ్డసంచి నిండా కాగితాలతో వచ్చి మా అరుగుమీద కూర్చున్నాడు ఈ పుస్తకకర్త. “మాస్టారూ, నాలుగు మాటలు రాసిపెట్టాలి” అన్నాడు. ఎనిమిదో తరగతిలో నా దగ్గర తెలుగు చదువుకున్నవాడే. ఆ రోజుల్లో “రాయబారం అంటే ఏమిట్రా?” అని అడిగితే కృష్ణుడి పేరు చెప్పి కూర్చున్నాడు. ఇప్పుడు రోమునుంచి పోపులు మన దేశానికి పంపిన రాయబారుల మీద ఏకంగా పుస్తకమే రాశాడు.

నిజం చెప్పాలంటే మొదటి కాగితం తిప్పేటప్పుడు నాకు ఆసక్తి లేదు. మూడో అధ్యాయం దగ్గర మా అమ్మమ్మ మెడలోని పుస్తెలు కనిపించాయి. ఆ తరవాత పుస్తకం కింద పెట్టలేదు.

ఆమెది ఫిరంగిపురం. ఆమె పుస్తెల మీద చిన్న శిలువ ఉండేది. కతోలిక ఇళ్ళలో అది మామూలే గనక ఎందుకని ఎవరూ అడగలేదు. దాని వెనక ఒక రాయబారి ఉన్నాడని ఈ కుర్రాడు చెప్పేదాకా నాకూ తెలియదు. టూరిన్‌లో పుట్టిన షార్ల్ తోమా మయార్ ద తూర్నోన్ పోపు ప్రతినిధిగా చైనాకు వెళ్తూ 1703 నవంబరులో పాండిచ్చేరిలో దిగాడు. అక్కడ ఉన్నది ఎనిమిది నెలలు. తెలుగు నేల మీద అడుగు పెట్టలేదు. 1704 జూన్ 23న పదహారు అంశాల శాసనం మాత్రం జారీ చేశాడు. అప్పటికే జెసూట్ గురువులు సన్యాసుల వేషంతో పుంగనూరు ప్రాంతంలో తెలుగు మాట్లాడుతూ తిరుగుతున్నారు. వారు చూసీచూడనట్టు వదిలేసిన ఆచారాలన్నిటి మీదా ఆ కాగితం కలం పెట్టింది. వినాయకుడి బొమ్మ ఉన్న తాళి కూడదు, శిలువో మరియమాత రూపమో ఉంటే కట్టుకోవచ్చు. నూటెనిమిది పోగుల పసుపుతాడు కూడదు. నుదుటి విభూతి కూడదు. ఆడపిల్ల సమర్తకు పండగ చేయకూడదు. నలభై ఏళ్ళ వాదన తరవాత, 1744లో, పద్నాలుగో బెనెడిక్ట్ పోపు ఈ శాసనాన్ని ఖాయం చేశాడు. మిషనరీలు దాన్ని పాటిస్తామని ప్రమాణం చేసే పద్ధతి 1940 దాకా పోలేదు.

ఈ అధ్యాయంలోనే నాకూ గ్రంథకర్తకూ పేచీ ఉంది. దేశం తెలియని దొర ఎనిమిది నెలల్లో తీర్పు చెప్పి వెళ్ళాడని అతని కోపం. కోపం న్యాయమే. అయితే ఆ పదహారింటిలోనే ఇంకొకటి ఉంది. అంటరానివారని ముద్రపడ్డ క్రైస్తవులు జబ్బుపడితే గురువు వారి గుడిసెలోకి వెళ్ళి సంస్కారాలు ఇవ్వాలి, గడప దాటనని బయట నిలబడటం చెల్లదు. పై కులాల వాళ్ళు దూరమైపోతారని కొందరు గురువులు ఆ గడప తొక్కేవారు కారు. ఈ ఒక్క విషయంలో ఆ కొత్తవాడి చూపే సూటిగా ఉందని నా అభిప్రాయం. గ్రంథకర్త దీనికి పేజీన్నర ఇచ్చి ముందుకు పోయాడు. 2022 ఆగస్టులో పూల ఆంథోనిగారు కార్డినల్ అయినప్పుడు, తెలుగువారిలో మొదటివారని, దళితులలో మొదటివారని పత్రికలన్నీ రాశాయి. తూర్నోన్ కాగితానికీ ఆ రోజుకీ మధ్య మూడు వందల పద్దెనిమిదేళ్ళు. అందులో మన మాలపల్లెలు, మాదిగపల్లెలు ఏం పడ్డాయన్నది ఇంకో పుస్తకమంత సంగతి. అదీ ఇతనే రాయాలి.

అసలు తగాదా ఎక్కడ మొదలైందో రెండో అధ్యాయం విడమరిచి చెబుతుంది. తూర్పు దేశాల్లో చర్చిని పోషించే భారం, బిషప్పుల పేర్లు సూచించే హక్కు పోపులు పోర్చుగల్ రాజుకు అప్పగించారు. దానికి పద్రువాదో అని పేరు. 1606లో ఏర్పడిన మైలాపూరు మేత్రాసనం, అంటే బిషప్పు పాలించే ప్రాంతం, కాగితం మీద కోరమాండల్ తీరమంతా ఏలింది. రాజు దగ్గర డబ్బూ లేదు, పంపడానికి మనుషులూ చాలరు, హక్కు మాత్రం వదలడు. ఊళ్ళో గుడి మాన్యం వ్యవహారాలు చూసినవాళ్ళకు ఇది విడమర్చి చెప్పనక్కరలేదు. రోము 1622లో ప్రొపగాందా అనే సొంత సంస్థ పెట్టుకుంది. 1637లో మతెయుస్ ద కాస్త్రో అనే గోవా బ్రాహ్మణ క్రైస్తవుణ్ణి బిషప్పుగా అభిషేకించి బిజాపూరు, గోల్కొండ రాజ్యాల మీద అధికారమిచ్చి పంపింది. అప్పటికి మన మెట్టసీమా కుతుబ్‌షాహీల ఏలుబడిలోదే. పోర్చుగీసువాళ్ళు ఆయన్ని నిలవనీయలేదు.

దక్షిణ అమెరికా ముచ్చట ఒకటి మధ్యలో దూర్చాడు. మొదట పక్కదారి అనుకున్నాను, కాదు. చిలీ దేశం స్పెయిను రాజును వదిలించుకున్నాక, బిషప్పులను ఎంచే రాజుగారి హక్కు ఇక తనదేనంది. మాట్లాడి రమ్మని రోము 1823లో జొవాన్నీ ముజీని పంపింది. ఆండీస్ కొండలు దాటి 1824లో సాంతియాగో చేరిన ఆ బృందం కొద్ది నెలలకే ఉత్తచేతులతో తిరుగుముఖం పట్టింది. అందులో మస్తాయ్ అనే పడుచు గురువు ఉన్నాడు. ఆయనే తరవాత తొమ్మిదో పయస్ పోపు. అదే మనిషి 1857లో పోర్చుగల్‌తో మన దేశపు పద్రువాదో మీద ఒడంబడిక చేసుకోవలసి వచ్చింది. అంతకు ముందు 1838లో పదహారో గ్రెగరీ పోపు మైలాపూరు, కొచ్చిన్‌ల వంటి చోట్ల పద్రువాదో అధికారం తీసేస్తే గోవా గురువులు ససేమిరా అన్నారు. ఒకే ఊళ్ళో రెండు పక్షాల గురువులు, గుడి తాళంచెవి ఎవరిదన్న రచ్చలు. రాజు హక్కును రాజు లేకపోయినా ఎవడో ఒకడు పట్టుకుంటాడని మస్తాయ్ చిలీలో పడుచుతనంలోనే నేర్చుకుని ఉంటాడు. ఇది నా ఊహ, గ్రంథకర్త మీద వేయకండి.

1884లో అల్యార్ది తొలి పోపు ప్రతినిధిగా రావడం, 1886 జూన్‌లో పోర్చుగల్‌తో కొత్త ఒప్పందం, సెప్టెంబరు ఒకటిన పదమూడో లియో పోపు దేశమంతటికీ మేత్రాసనాలను ఏర్పరచడం గబగబా చెప్పేశాడు. అక్కడ తేదీలు తప్ప మనుషులు లేరు, నేనూ గబగబా చదివేశాను.

మనకు కావలసింది ఆ తరవాతిది. 1886లో మేత్రాసనమైన హైదరాబాదు కిందే కృష్ణా జిల్లా ఉండేది. జగ్గయ్యపేట, నందిగామ పల్లెల్లో రైతు శిస్తు కట్టేది ఇంగ్లీషు దొరకు. అతని బిడ్డకు భద్రమైన అభ్యంగనం అనే సంస్కారం ఇచ్చే బిషప్పు ఉండేది నైజాం రాజధానిలో. ఆ బిషప్పు మిలాన్ మిషనరీ సంస్థకు చెందిన ఇటలీవాడు. సరిహద్దు అవతల నైజాం రూపాయి, ఇవతల కంపెనీవారినుంచి వచ్చిన రూపాయి. రెండు సర్కార్లూ గీసుకున్న ఆ గీతను చర్చి చెరిపేసి ఒకే సంసారంగా నడిపింది. 1933లో బెజవాడను విడదీశారు, 1937లో అది మేత్రాసనమైంది. 1940లో ఇటలీ యుద్ధంలోకి దిగగానే మన ఇటలీ గురువులు రాత్రికి రాత్రి శత్రుదేశీయులయ్యారు. చాలామందిని నిర్బంధించారు. పూజ చెప్పే గురువు లేని పల్లెల్లో ఉపదేశులే జపమాల చెప్పించి బిడ్డలకు జ్ఞానస్నానాలు ఇచ్చారు. ఈ ఉపదేశుల గురించి గ్రంథకర్త రాసిన పదకొండు పేజీలే ఈ పుస్తకానికి ప్రాణం. అప్పుడు పోపు ప్రతినిధిగా బెంగుళూరులో ఉన్న కీర్కెల్స్ హాలెండువాడు. ఆయన హయాంలోనే గుంటూరు బిషప్పు పోతకమూరి థామస్‌గారు 1942లో బెంగుళూరు పీఠానికి వెళ్ళారు. 1948 జూన్‌లో స్వతంత్ర భారతం వాటికన్‌తో దౌత్యసంబంధాలు పెట్టుకున్నప్పుడు తొలి ఇంటర్‌న్యూన్షియో, అంటే పోపు రాయబారి, కూడా కీర్కెల్సే. 1950 జూలైలో పోర్చుగల్ మైలాపూరు, బొంబాయి వంటి పీఠాల మీద తన హక్కు వదులుకుంది. బెజవాడకు తుమ్మా జోసెఫ్‌గారు, తెలుగు బిషప్పు, 1971లో వచ్చారు.

ఇతని తెలుగు గురించి ఒక మాట. రోమన్ కతోలిక మిషనువాళ్ళను “ఆర్.సి.ఎం. వాళ్ళు” అని ఊరివాళ్ళు అనేదాన్ని అలాగే రాశాడు. విచారణ, మేత్రాసనం, తిరునాళ్ళు అన్న మన మాటలు ఉన్నచోట ఇంగ్లీషు మాట పెట్టలేదు. అక్కడక్కడ వాక్యం కుంటింది. నేను ఎర్ర సిరాతో గీసినవాటిలో సగమే దిద్దాడు. మిగతా సగం తనదే ఒప్పన్నాడు. రెండు మూడు చోట్ల అతనిదే ఒప్పు.

పటం లేదు, అదే నాకు లోటు. పాలేరు దగ్గర నైజాం హద్దు, దాన్ని దాటుకుంటూ సాగిన హైదరాబాదు మేత్రాసనపు హద్దు ఒకే కాగితం మీద గీసి చూపిస్తే పాఠకుడికి సగం పుస్తకం అప్పుడే అర్థమవుతుంది. అడిగితే గీసిస్తానన్నాడు, కోతలు అయ్యాక.

రెడ్డిగూడెం