అణువు అంచులు కొలిచి రాసిన చట్టం

అమెరికాలో క్లెమ్సన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జాన్ హఫ్‌మన్ మెదడులోని కనాబినాయిడ్ గ్రాహకాలను పరిశోధించడానికి ఎన్నో కృత్రిమ అణువులు తయారుచేశారు. వాటిలో ఒకటి జేడబ్ల్యూహెచ్-018. ఇది గంజాయి మొక్క నుంచి వచ్చింది కాదు. అయినా గంజాయిలోని టీహెచ్‌సీ పట్టుకునే సీబీ1 గ్రాహకాన్నే ఇదీ పట్టుకుంటుంది, అంతకంటే గట్టిగా. 2008 చివర్లో జర్మనీలో ‘స్పైస్’ పేరుతో అమ్ముతున్న మత్తు మూలికల పొట్లాల్లో ఇది బయటపడింది. 2009 జనవరిలోనే అక్కడ నిషేధించారు.

దీని నిర్మాణం చూడండి. నడుమ ఇండోల్: అతుక్కున్న రెండు వలయాలు, అందులో ఒక నైట్రోజన్. ఆ నైట్రోజన్‌కు అయిదు కార్బన్ల తోక. ఇండోల్ మూడో స్థానంలో కార్బొనిల్ వంతెన, దాని అవతల నాఫ్తలీన్ జంట వలయం. తోకలో ఒక్క కార్బన్ తగ్గిస్తే అది జేడబ్ల్యూహెచ్-073, అంటే వేరే పదార్థం. పేరు పెట్టి నిషేధిస్తే తయారీదారు తోక మార్చి తప్పించుకుంటాడు.

2012 జూలైలో అమెరికా తెచ్చిన చట్టం ఈ కిటుకును పట్టుకుంది. ఈ తరహా పదార్థాలు పదిహేనింటిని పేర్లతో చెప్పి, అంతటితో ఆగకుండా అయిదు అణు అస్థిపంజరాలను వర్ణించింది. వాటిలో మన ఇండోల్-నాఫ్తలీన్ జత ఒకటి. నైట్రోజన్ మీద ఏ తోక ఉన్నా సరే. వలయాల మీద ఇంకేం తగిలించినా, ఎంత తగిలించినా సరే, అది నిషేధం కిందికే వస్తుంది. ‘ఎంత తగిలించినా’ అన్న ఆ చిన్న మాట ఇంకా పుట్టని అణువులకు కూడా ముందే తలుపు మూసేసింది.

దానికి తోడు మరో షరతు: ఆ పదార్థం సీబీ1ను ఉత్తేజపరుస్తుందని ప్రయోగాల్లో రుజువు కావాలి. ఈ షరతు లేకపోతే, అదే ఆకారం ఉన్న నిరపాయమైన అణువులూ నేరంలో ఇరుక్కునేవి. ఆకారం ఊసెత్తకుండా పనిని మాత్రమే చూసి ఉంటే, మన శరీరం తానే తయారుచేసుకునే ఆనందమైడ్ కూడా నిషిద్ధమయ్యేది. ఆకారం, పని రెండూ కలిస్తేనే నేరం. ఎంత పొందికైన కూర్పు!

అయినా ఒక సందు మిగిలింది. ఇండోల్‌లో ఒక కార్బన్ స్థానంలో నైట్రోజన్ చేరిస్తే ఇండజోల్ అవుతుంది. ఆ అస్థిపంజరం అయిదింటిలో లేదు. ఏబీ-ఫ్యూబినాకా అనే కృత్రిమ మత్తు పదార్థం ఆ సందులోంచే వచ్చింది. 2014 ఫిబ్రవరిలో దాన్ని పేరు పెట్టి తాత్కాలిక నిషేధంలో చేర్చాల్సి వచ్చింది. ఇలాంటి చట్టం ఒకసారి రాసి వదిలేస్తే చాలదు. రసాయన శాస్త్రం తెలిసినవారు పక్కన కూర్చుని, దాన్ని ఎప్పటికప్పుడు సరిచేస్తూ ఉండాలి.