గీత గీతకూ లెక్క

1977 సెప్టెంబరులో అమెరికా మార్కెట్లోకి వచ్చిన అటారీ వీడియో కంప్యూటర్ సిస్టమ్‌లో ర్యామ్ మొత్తం 128 బైట్లు. ఇప్పటి యూటీఎఫ్-8 లెక్కన ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి. గుణింతాలూ పొల్లులూ కలుపుకొని 42 గుర్తులు రాసేసరికి ఆ యంత్రం నిండిపోతుంది. అంత ఇరుకులోనే ట్యాంకులు కాల్చుకున్నాయి, చదరంగం నడిచింది, ఒక మనిషి అడవంతా పరిగెత్తాడు. తర్వాత అటారీ 2600గా పేరు మారిన ఈ పెట్టెలో చూసి ముచ్చటపడాల్సింది దాని పొదుపు, ఆ పొదుపే ఇచ్చిన స్వేచ్ఛ.

పొదుపుకు కారణం ధర. అంతకుముందు టీవీకి తగిలించే పెట్టెల్లో ఆట సర్క్యూట్‌లోనే బిగించి ఉండేది. పాంగ్ కొన్నవాడు పాంగే ఆడాలి. క్యాసెట్ మారిస్తే ఆట మారే పద్ధతిని 1976లో ఫెయిర్‌చైల్డ్ ఛానెల్ ఎఫ్ చూపించింది. అటారీకీ అదే కావాలి, కానీ చవగ్గా. అందుకని మాస్ టెక్నాలజీ వారి 6502 ప్రాసెసర్‌ను కుదించి చేసిన 6507ను ఎంచుకున్నారు. 6502కు 40 కాళ్లు, దీనికి 28. కాళ్లు తగ్గడంతో అడ్రస్ లైన్లు 13కు దిగాయి. క్యాసెట్ వాటాకు వచ్చింది 4 కిలోబైట్లు.

అసలు చిక్కు బొమ్మ దగ్గర. తెర మీద అడ్డంగా 160 చుక్కలు, నిలువునా దాదాపు 192 గీతలు. ఏ చుక్క వెలిగిందో ఏది ఆరిందో ఒక్కో బిట్‌లో గుర్తుపెట్టుకున్నా 3,840 బైట్లు కావాలి. ఉన్న ర్యామ్‌కు అది ముప్ఫై రెట్లు. జో డెకూర్, జే మైనర్ తదితరుల బృందం బొమ్మను దాచడమే మానేసింది. వాళ్లు తయారుచేసిన టీఐఏ అనే చిప్‌కు తెలిసింది ఇప్పుడు గీస్తున్న ఒక్క గీత మాత్రమే. కింది గీతలో ఏముండాలో, టీవీ తెర మీద బొమ్మ గీసే కిరణం అక్కడికి చేరేలోపు ప్రోగ్రామే చెప్పాలి. మగ్గం మీద పేక పోగు పోగుకూ రంగు మార్చే నేతగాడి పని ఇది. తేడా ఏమిటంటే, ఇక్కడ మగ్గం ఆగదు.

ఒక గీత పూర్తయ్యే సమయంలో ప్రాసెసర్‌కు దొరికేది 76 క్లాక్ సైకిళ్లు. ఒక్కో ఆదేశానికి రెండు నుంచి ఏడు సైకిళ్లు ఖర్చవుతాయి. సెకనుకు 60 సార్లు వచ్చే 262 గీతల్లో తెర మీద కనబడనివి 70 దాకా ఉంటాయి. జాయ్‌స్టిక్ ఎటు వంగిందో చూడటం, శత్రువును కదపడం, పాయింట్లు కూడటం ప్రధానంగా ఆ చాటు సమయంలోనే కానివ్వాలి.

టీఐఏ చేతిలో ఉన్న సరుకు కూడా కొంచెమే: ఎనిమిదేసి చుక్కల వెడల్పున్న రెండు ఆటగాళ్ల బొమ్మలు, రెండు తూటాలు, ఒక బంతి, వెనక గోడలాంటి నేపథ్యం. పాంగ్‌కూ ట్యాంకుల పోరుకూ సరిపడే సరంజామా అది. బొమ్మను ఫలానా చోట పెట్టు అని అంకె ఇచ్చే వీలు లేదు. కిరణం ఆ చోటికి వచ్చిన క్షణంలో చిప్‌ను తట్టాలి. ఆ తర్వాత అటో ఇటో కొన్ని చుక్కలు సర్దుకోవచ్చు. అంటే స్థలాన్ని కాలంతో కొలవాలి. అదే చిప్ మరోచోట ఉదారంగా ఉంది. ఆ ఆరు వస్తువుల్లో ఏ రెండు తగులుకున్నా తనే కనిపెట్టి చెబుతుంది. ఆరింటి మధ్య 15 జతలు, దానికి 15 బిట్లు. తూటా తగిలిందా లేదా అని ప్రోగ్రామ్ లెక్క వేయనక్కర్లేదు.

ప్రోగ్రామర్ల పనితనం ఇక్కడ మొదలవుతుంది. 1979 నాటి వీడియో చెస్‌లో వరసకు ఎనిమిది పావులు కావాలి. ఒక గీతలో నాలుగు, దాని కింది గీతలో మిగతా నాలుగు గీసి చూపించారు. యంత్రం ఎత్తు ఆలోచించేటప్పుడు మాత్రం బల్ల మాయమై తెరంతా రంగులు మారుతుంది. ఆ కాసేపు ప్రాసెసర్‌కు బొమ్మ గీసే తీరిక లేదు మరి.

1982లో డేవిడ్ క్రేన్ రాసిన పిట్‌ఫాల్ మరీ గడుసుది. అడవిలోని 255 దృశ్యాలు 4 కిలోబైట్ల క్యాసెట్‌లో ఎక్కడా విడివిడిగా లేవు. ఒకే బైటును ఒక పద్ధతిలో జరుపుతూ పోతే 255 వేర్వేరు విలువలు వచ్చి మళ్లీ మొదటికి చేరతాయి. ఇక్కడ గొయ్యి ఉండాలా, మొసళ్ల మడుగు ఉండాలా, చెట్లు ఎలా నిలవాలి అన్నది ఆ బైటులోని బిట్లే తేలుస్తాయి. ఆటగాడు వెనక్కి నడిస్తే లెక్క తిరగబడుతుంది, వదిలొచ్చిన దృశ్యమే ఎదురవుతుంది.

లోటు దాచలేనిది. ఆ ఏడాదే ఈ పెట్టెకు వచ్చిన ప్యాక్-మ్యాన్‌లో దయ్యాలు వంతులవారీగా తెర మీదికి రావడంతో బొమ్మ మిణుకుమిణుకుమంది, జనం విసుక్కున్నారు. బొమ్మలను పక్కకు సర్దినప్పుడల్లా గీతకు ఎడమ అంచున చిన్న నల్ల మచ్చ పడటం టీఐఏకున్న మరో జబ్బు. అక్కడక్కడా పడితే దువ్వెన పళ్లలా వికారం. కొందరు ప్రోగ్రామర్లు అవసరం లేకున్నా ప్రతి గీతలోనూ ఆ సర్దుబాటు ఆదేశం ఇచ్చారు. మచ్చలన్నీ కలిసి నిటారైన నల్ల పట్టీగా, తెరకు కావాలనే పెట్టిన మార్జిన్‌గా కుదిరాయి.

రెండు మూడు రకాల ఆటల కోసం పుట్టిన పెట్టె 1990ల మొదటి దాకా అమ్ముడుపోవడానికి కారణం దాని బలం కాదు. తెర ఎలా ఉండాలో చిప్ ముందుగా తీర్మానించలేదు. ఆ నిర్ణయం గీత గీతకూ ప్రోగ్రామర్‌కే మిగిలింది. చేసినవాళ్లు ఊహించని ఆటలు అందుకే వచ్చాయి. ఈ పాఠం జే మైనర్‌కు వృథా పోలేదు. ఆయన నాయకత్వంలో రూపొంది 1985లో వచ్చిన అమీగా చిప్‌లలో కాపర్ అనే భాగం పని, కిరణం ఫలానా చోటికి రాగానే రంగులూ అమరికలూ మార్చడం. అటారీ ప్రోగ్రామర్లు సైకిళ్లు లెక్కపెట్టుకుంటూ చేత్తో చేసిన పనే, ఎనిమిదేళ్ల తర్వాత సిలికాన్‌లో చోటు సంపాదించుకుంది.