నొగ మీద కెమెరా

మహారాష్ట్రలోని మాలెగావ్ మరమగ్గాల ఊరు. అక్కడ వీడియో పార్లర్ నడిపిన నాసిర్ షేక్ 2000లో ‘మాలెగావ్ కే షోలే’ తీశారు. నటులు ఊరివాళ్లే, కెమెరా మామూలు వీడియో కెమెరా. తర్వాత ఆయన సూపర్‌మ్యాన్ సినిమాకు దిగినప్పుడు ఫైజా అహ్మద్ ఖాన్ ఆ షూటింగ్ మీదే ‘సూపర్‌మెన్ ఆఫ్ మాలెగావ్’ (2008) డాక్యుమెంటరీ తీశారు. అందులో ట్రాలీ అంటే సైకిల్, క్రేన్ అంటే ఎద్దుల బండి. చాలామంది వాటిని చూసి నవ్వుకుంటారు. నాకు మాత్రం గౌరవం కలుగుతుంది. క్రేన్ చేసే పనేమిటో తెలిసినవాళ్లకే బండిలో క్రేన్ కనిపిస్తుంది.

ఎద్దుల్ని విప్పేస్తే బండి ఇరుసు మీద ముందుకూ వెనక్కూ తూగుతుంది. ముందుకు పొడుచుకొచ్చిన నొగ కొసన కెమెరామన్ కూర్చుంటే, వెనక నిలబడ్డవాళ్లు కిందికి నొక్కేకొద్దీ అతను పైకి లేస్తాడు. ఇరుసు నుంచి నొగ కొస దూరం, వెనక భాగం దగ్గర. కాబట్టి వెనక జానెడు దిగితే ముందు మూరెడు లేస్తుంది. అందుకే వెనక బరువు బాగా కావాలి, నొక్కడం ఒకే తీరున సాగాలి. అక్కడ పడే చిన్న కుదుపు కూడా తెరమీద పెద్దదవుతుంది.

సైకిల్ కిటుకు వేరు. నడుస్తూ తీస్తే అడుగడుక్కీ భుజం లేచి పడుతుంది, చక్రం మీద ఆ బాధ లేదు. అయితే తొక్కకూడదు, ఊగుతుంది. కెమెరా పట్టుకున్న మనిషిని కూర్చోబెట్టి ఇంకొకరు తోయాలి. టైర్లలో కాస్త గాలి తీస్తే గులకరాళ్ల అదురు తగ్గుతుంది.

అమెరికా దర్శకుల్లోనూ ఇదే దారి పట్టినవాళ్లున్నారు. ‘ఎల్ మరియాచి’ (1992) తీసినప్పుడు రాబర్ట్ రోడ్రిగెజ్‌కి చక్రాల కుర్చీయే ట్రాలీ. ‘ద ఈవిల్ డెడ్’ (1981)లో సామ్ రైమీ బృందం చెక్క నడుమ కెమెరా బిగించి, చెరో కొస పట్టుకుని పరిగెత్తింది. ఒక కొస ఎగిరినా మధ్యలో ఉన్న కెమెరాకు అందేది అందులో సగమే.

నన్నడిగితే చవక కెమెరాను పట్టిచ్చేది కుదుపు కంటే వెలుతురే. వెనక ఆకాశం వెలిగిపోతుంటే ముఖం నల్లబడుతుంది. ‘అపరాజితో’ (1956)లో కాశీ ఇంటి లోగిలిని సెట్‌గా వేసినప్పుడు ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర పైన తెల్లబట్ట కట్టించి, లైట్లు దానిమీదికి కొట్టి, తిరిగి కిందికి పడే మెత్తని వెలుగులో తీశారు. మనకు థర్మకోల్ షీటు చాలు. మనిషిని గుమ్మం నీడలో కూర్చోబెట్టి, ఎండలో షీటును వాలుగా నిలబెట్టి మెల్లగా తిప్పుతూ ఉండండి. ఒకచోట కళ్లకింది నీడ కరిగిపోయి కంటిపాపలో తెల్లటి చుక్క మెరుస్తుంది. అక్కడ ఆపాలి. ఆ చుక్క లేని ముఖం ఎంత ఖరీదైన కెమెరాతో తీసినా నిర్జీవంగానే ఉంటుంది.

ఫోన్‌తో తీసేటప్పుడు ఎక్స్‌పోజర్, ఫోకస్ లాక్ చేయడం తప్పనిసరి. ఇంట్లో లైట్ల కింద అయితే సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టుకోవాలి. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపం సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. షట్టర్ దానితో కుదరకపోతే తెరమీద చారలు పాకుతాయి.

ఇక శబ్దం. దూరంగా ఉన్న కెమెరా మైకును నమ్ముకోవద్దు. ఫ్యాన్ ఆపి, రెండో ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, మాట్లాడే మనిషి చొక్కా జేబులో ఉంచండి. రెండూ మొదలయ్యాక కెమెరాకు కనబడేలా ఒక్కసారి చప్పట్లు కొట్టండి. ఎడిటింగ్‌లో చేతులు కలిసిన ఫ్రేమునూ ఆ చప్పుడునూ జతచేస్తే పెదవులూ మాటలూ కలుస్తాయి.