దుర్భిణికి ఛాతీ హార్నెస్ : గుణదోష విచారణ

అమెరికా పశ్చిమ రాష్ట్రాలైన మోంటానా, వయోమింగ్, కొలరాడోలలో వేటగాని పని తుపాకితో కాక దుర్భిణితో మొదలవుతుంది. ఎల్క్ అనే పెద్ద దుప్పి గాని, మ్యూల్ జింక గాని ఎదుటి కొండవాలున ఎక్కడ మేస్తున్నదో చూచుకొనడానికే అతనికి ఒక్కొక్కప్పుడు ఉదయమంతా పడుతుంది. అక్కడివారు ఎక్కువగా వాడే జంట దుర్భిణి వస్తువును పదింతలు చేసి చూపుతుంది. దాని ముందరి కటకాల వ్యాసం 42 మిల్లీమీటర్లు, బరువు సుమారు 700 గ్రాములు. ఇంత బరువును సన్నని పట్టీతో మెడకు తగిలించుకొని కొండలెక్కి దిగితే సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. ఈ బాధ తప్పించడానికి వచ్చిందే ఛాతీ హార్నెస్. దీనిలో ముఖ్యంగా రెండు రకాలున్నవి. భుజాల మీదుగా పోయి వీపున కలిసే ఎలాస్టిక్ పట్టీలు మాత్రమే గలది ఒకటి. ఆ పట్టీలకు ముందువైపున మూత గల మెత్తని సంచి అమర్చినది రెండవది.

హార్నెస్ బరువును తగ్గిస్తుందని అమ్మేవారు చెప్పే మాటను అక్షరాలా నమ్మనక్కరలేదు. దుర్భిణి 700 గ్రాములే ఉంటుంది, హార్నెస్ బరువు దానికి అదనం. తగ్గేది పీడనం. మెడపట్టీ వెడల్పు 2 సెంటీమీటర్లు, అది మెడను తాకే పొడవు 10 సెంటీమీటర్లు అనుకొందాం. చదరపు సెంటీమీటరుకు 35 గ్రాముల బరువు పడుతుంది. 4 సెంటీమీటర్ల వెడల్పు గల పట్టీలు రెండు భుజాల మీద 15 సెంటీమీటర్ల చొప్పున ఆనితే అదే బరువు చదరపు సెంటీమీటరుకు 6 గ్రాములకు దిగుతుంది. కాబట్టి కొనేవాడు మొదట చూడవలసినది పట్టీ వెడల్పు.

మెడపట్టీకి ఊగే దోషం కూడా ఉన్నది. 35 సెంటీమీటర్ల లోలకం ఆవర్తన కాలం దాదాపు 1.2 సెకన్లు. తీరికగా నడిచే మనిషి రెండు అడుగులు వేయడానికి పట్టే కాలమూ రమారమి అంతే. అందుచేత అనునాదం ఏర్పడి, ఉయ్యాలను తగిన వేళకు తోసినట్లు, ప్రతి అడుగూ దుర్భిణిని మరింత ఊపుతుంది. హార్నెస్ దానిని ఛాతీకి అదిమి పట్టి ఈ ఊపును ఆపుతుంది.

అయితే ఎలాస్టిక్ మరీ మెత్తనిదైతే ప్రక్కలకు ఊగడం పోయి పైకీ క్రిందికీ ఎగరడం మొదలవుతుంది. బరువు తగిలించినప్పుడు ఎలాస్టిక్ ఎంత సాగుతుందో, అంత పొడవు గల లోలకానికి ఉండే ఆవర్తన కాలమే ఆ బరువు ఎగిరిపడే కాలం కూడా. 6 నుండి 8 సెంటీమీటర్లు సాగే పట్టీకి అది అర సెకను, లేదా కొద్దిగా ఎక్కువ. చురుకైన నడకలో ఒక్క అడుగుకు పట్టే కాలం కూడా అదే! 2 సెంటీమీటర్లే సాగితే 0.28 సెకను, అది అడుగుతో కలవదు. వ్రేళ్లతో లాగి చూచి, బాగా సాగినదే సుఖమనుకొని కొనేవారు ఇక్కడే మోసపోతారు. దుకాణంలోనే హార్నెస్ తొడుక్కొని, దుర్భిణిని చేత పట్టి మెల్లగా వదలి, అది ఎంత దిగినదో స్కేలుతో కొలిచిచూడడం తేలిక. 3 సెంటీమీటర్లు దాటితే అది నడకకు పనికిరాదు.

ఇక సంచి సంగతి. దుమ్ము, మంచు కటకాల మీద పడకుండా అది కాపాడుతుంది. వేటగానికి ఇది చిన్న లాభం కాదు. వెల్క్రో మూతను తెరిస్తే పర్రుమనే చప్పుడుకు జింక బెదురుతుంది. అందుకని కొన్నింటికి అయస్కాంతపు మూతలు పెట్టారు. చప్పుడు పోయింది గాని దిక్సూచికి చిక్కు వచ్చింది. సూదిని త్రిప్పే భూఅయస్కాంత క్షేత్రపు క్షితిజ సమాంతర భాగం ఆ రాష్ట్రాలలో సుమారు 20 మైక్రోటెస్లాలే. దిక్సూచిని పట్టుకొనేది సాధారణంగా ఛాతీ ఎత్తునే కదా! చిన్న అయస్కాంతపు ప్రభావం, దూరం రెట్టింపైతే ఎనిమిదవ వంతుకు తగ్గుతుంది గనుక చేయి బాగా చాచి చూడవలె. మబ్బు పట్టిన అడవిలో ఈ సంగతి మరచినవాడు దారి తప్పుతాడు. హృదయంలో పేస్‌మేకర్ అమర్చుకొన్నవారు ఇటువంటి మూత జోలికి పోకూడదు. సెల్‌ఫోన్లలోను, చేతిగడియారాలలోను ఉండే బలమైన అయస్కాంతాలనే అటువంటి పరికరాలకు 6 అంగుళాల దూరాన ఉంచవలెనని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2021లో సలహా ఇచ్చింది.

సంచికి అదనంగా కుట్టే జేబులు మెచ్చదగినవి కావు. ఎలుగుబంటి నుండి రక్షణకు మిరపమందు డబ్బా ఒక్కటి చేతికి అందేట్లు ఉండడం అవసరమే. మిగిలినవన్నీ వీపు సంచిలో ఉండవలసినవి. ముందు సంచి ఉబ్బితే కాలు పెట్టే రాయి కంటికి కనబడదు. దిగుడు దారిలో అది ప్రమాదం.

వేట లేకుండా కొండల్లో నడిచేవారికి ఉత్త పట్టీల రకమే చాలు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత దుర్భిణి పట్టేవారిలో ముఖ్యులు పక్షులను చూచేవారే. నేలపట్టు, పులికాట్ ఎండలలో మెత్తని సంచి ఛాతీకి అంటుకొని ఉంటే చెమట ఆరదు. వారికీ పట్టీలే మేలు. చెమట పీల్చిన ఎలాస్టిక్ త్వరగా సత్తువ కోల్పోతుంది గనుక పట్టీలను మంచినీటితో కడిగి నీడన ఆరవేసి, ఏటేటా సాగుదలను మళ్లీ స్కేలుతో కొలుచుకొనవలసి ఉంటుంది.