బూడిదదిబ్బలు – కాలనిర్ణయము

సంస్కృతవ్యాకరణమున భూతార్థమునకు లుఙ్, లఙ్, లిట్ అని మూఁడు లకారములు గలవు. వానిలో లిట్టు అనద్యతనపరోక్షమును దెలుపును. అనఁగాఁ గ్రియ వక్తకుఁ బ్రత్యక్షము కాదని చెప్పును గాని, జరిగి యెన్నియేండ్లైనదో చెప్పదు. లిపి పుట్టుటకు ముందటి ప్రాక్చరిత్ర యంతయు నీలిట్టునకు విషయమే. దానికి సంవత్సరసంఖ్యను దెచ్చునప్పు డాసంఖ్య యేక్రియకుఁ జెందునో విచారింపవలసియున్నది.

1863లో రాబర్టు బ్రూసు ఫూటు మద్రాసు చెంతఁ బల్లావరమునఁ బాతరాతియుగపుఁ జేతిగొడ్డలిని గనిపెట్టెను. నాఁటి పరిశోధకులకుఁ బౌర్వాపర్యమే యాధారము. క్రిందిపొర ముందటిది, పైపొర తరువాతిది. 1949లో లిబ్బీ ప్రభృతులు కర్బన-14 పద్ధతిని వెలువరించిన పిదప సంఖ్యయు లభించెను. అయిన నాసంఖ్య, జీవి కర్బనమును గ్రహించుట మానిన కాలమునకే చెల్లును. నూఱేండ్ల మ్రానిని నఱికి కాల్చినచో, దాని నడిమి చేవబొగ్గు నిప్పు పెట్టిన నాఁటిని గాక, రమారమి నూఱేండ్ల ముందటి కాలమును జూపును.

ఈభేదము నెఱుఁగుట కుట్నూరు తగిన యుదాహరణము. నాఁటి మహబూబ్‌నగరు జిల్లాలోని యాయూరి బూడిదదిబ్బను 1957లో రేమండు ఆల్చిన్ త్రవ్వించెను. పొరలుపొరలుగాఁ గాలిన పేఁడయు, గుంజలు నాటిన గుంటలును, పసులగిట్టల జాడలును గానవచ్చెను. వీనినిబట్టి యది నవీనశిలాయుగపుఁ బసులదొడ్డి యనియుఁ, బలుమాఱులు కాలె ననియు నాయన నిర్ణయించెను. బొగ్గుపరీక్ష క్రీ.పూ. 3వ సహస్రాబ్దమును జూపెను.

ఇందు బొగ్గు చెప్పినది కాలము మాత్రమే. దొడ్డి యని చెప్పినవి గుంటలు. పసు లని చెప్పినవి గిట్టలజాడలు. ఏల కాల్చిరో యివి యేవియుఁ జెప్పవు. ఆల్చిన్ 1963 నాఁటి గ్రంథమున నీమంటలను నేఁటి పసులపండుగల మంటలతోఁ బోల్చి, యవి యాచారమూలములని యూహించెను. ఊహ మనోహరమే, కాని కర్బనసంఖ్య బలము దానికి సంక్రమింపదు. గుంజగుంటల నిశ్చయము వేఱు, పండుగపోలిక సంభావ్యత వేఱు.

ఇట్టి దిబ్బలు రాక్షసుల బూడిద యని జనశ్రుతి గలదు. బొగ్గునకు వయస్సు తెలిసినంతమాత్రమున రాక్షసకథ చరిత్ర కానేరదు; అట్లే పండుగయుఁ గానేరదు. పురాణకథలకు సంవత్సరముల నంటించువారును, త్రవ్వకపు నివేదికలను బోధించువారును సమముగాఁ బాటింపవలసిన నియమ మిది. కాలము క్రియకు విశేషణము. క్రియయే సిద్ధింపనిచో విశేషణ మెచ్చట నిలుచును?