పాట మిగిలింది, పదును మిగిలిందా?

సంగీత నాటకం ఆడిన నటీనటులే అందులోని పాటలు పాడి రికార్డుకు యివ్వటం, నాటకం ఆగిపోయిన తర్వాత కూడా ఆ రికార్డు యేళ్ల తరబడి అమ్ముడుపోవటం మనకు మరీ కొత్త విషయం కాదు. మన పద్యనాటకాలకు కూడా గ్రామఫోను సెట్లు వుండేవి. అమెరికాలో 1943లో 'ఓక్లహోమా!' పాటలను డెక్కా కంపెనీ విడుదల చేసిన తర్వాత యిది పెద్ద వ్యాపారంగా స్థిరపడింది. ఆ రికార్డులలో హెచ్చుభాగం వినోదం కోసం పుట్టినవే కనుక, అవి వినోదంగా మిగలటంలో చర్చించవలసిందేమీ లేదు. దోపిడీని యెత్తి చూపటానికే రాసిన నాటకం అదే దోపిడీ వ్యవస్థలో సరుకై, అరవయ్యేళ్లు దాటినా గిరాకీ తగ్గకుండా నిలిచినప్పుడు మాత్రం మనం ఆగి ఆలోచించవలసి వుంటుంది. 'త్రీపెన్నీ ఒపేరా' నాటకానికి 1954లో న్యూయార్కు నటబృందం పాడిన రికార్డు అటువంటిది.

యీ రికార్డును గురించి మన మిత్రులలో రెండు అభిప్రాయాలు వున్నవి. బూర్జువా యింటి ముందుగదిలో అలంకారంగా మారిన విప్లవ సాహిత్యం అది అని కొందరంటారు. పాట యెవరు అమ్మినా పాట ప్రజలదే అని మరికొందరంటారు. రెండు వాదాలూ రికార్డును సరిగా వినకుండా చేసినవే అని నా అనుమానం.

నాటకం కథ తెలియని విద్యార్థుల కోసం క్లుప్తంగా చెబుతాను. 1728లో జాన్ గే రాసిన 'బెగ్గర్స్ ఒపేరా'ను యెలిజబెత్ హౌప్ట్‌మన్ జర్మన్‌లోకి అనువదించింది. ఆ అనువాదం ఆధారంగా బెర్టోల్ట్ బ్రెహ్ట్ కొత్త నాటకం అల్లగా, కుర్ట్ వైల్ సంగీతం సమకూర్చాడు. 1928 ఆగస్టు 31న బెర్లినులో మొదటి ప్రదర్శన జరిగింది. పీచమ్ అనే వ్యాపారి బిచ్చగాళ్లకు చింకిగుడ్డలూ, కట్టుకాళ్లూ అద్దెకిచ్చి, అడుక్కునే హక్కుకు లైసెన్సు అమ్మి, వారి సంపాదనలో వాటా పుచ్చుకుంటాడు. అతని కూతురు పాలీ, మెకీత్ అనే బందిపోటును పెళ్లాడుతుంది. పోలీసు అధికారి ఆ బందిపోటుకు ప్రాణస్నేహితుడు. జెన్నీ అనే వేశ్య మెకీత్‌ను పట్టిస్తుంది. వురికంబం దగ్గర రాణిగారి క్షమాభిక్ష గుర్రమెక్కి దిగుతుంది. దొంగ పెద్దమనిషిలాగా ప్రవర్తిస్తాడు, ఎందుకంటే పెద్దమనుషులు దొంగలే. నాటకమంతా యీ సమీకరణం మీదనే నడుస్తుంది.

బ్రెహ్ట్ దృష్టిలో పాట కథకు కొనసాగింపు కాదు. కథను ఆపి, దీపాల రంగు మార్చి, నటుడు ముందుకు వచ్చి పాడాలి. పాత్ర యేడుస్తూ వుంటే ప్రేక్షకుడు కూడా యేడవటం అతనికి అక్కరలేదు. మన నాటకాలలో కూడా పద్యం దగ్గర కథ ఆగిపోయేది. ప్రేక్షకులు 'వన్స్ మోర్' అంటే చచ్చిపడిన పాత్ర లేచి మళ్లీ రాగం తీసిన సందర్భాలు చెప్పుకుని యీనాటికీ నవ్వుకుంటాం. పైపైన చూస్తే రెండూ వొకటే. కాని మనవాళ్లు ఆగింది గాత్రం కోసం, బ్రెహ్ట్ ఆపింది ఆలోచన కోసం. యీ తేడాను రికార్డు చెరిపివేసే ప్రమాదం వుంది. ఆగటానికి అక్కడ కథే లేదు గనుక.

యీ ప్రమాదం బ్రెహ్ట్‌కు తెలుసు. 1930లో బెర్లినులో టెలిఫుంకెన్ కంపెనీ కొన్ని పాటలను రికార్డు చేసినప్పుడు, పాటల మధ్య చదవటానికి అతను ప్రత్యేకంగా వ్యాఖ్యావాక్యాలు రాసి యిచ్చాడు. ఆ రికార్డులలో పాడిన కుర్ట్ గెరోన్‌ను, మొదటి ప్రదర్శనలో వీధిగాయకుడుగా 'మాక్ ది నైఫ్' పాడినవాడిని, 1944లో ఆష్విట్జ్‌లో నాజీలు చంపారు. వైల్ 1933లోనే దేశం వదిలి పారిపోయాడు. 1938లో డ్యూసెల్‌డార్ఫ్‌లో నాజీలు పెట్టిన 'భ్రష్ట సంగీతం' ప్రదర్శనలో అతని పేరుకూడా చేర్చారు. ఆ పాత రికార్డులు వింటున్నప్పుడు యీ చరిత్రను పక్కన పెట్టి వినటం నావల్ల కాదు.

అమెరికాలో మొదటి ప్రయత్నం ఘోరంగా విఫలమైంది. 1933లో బ్రాడ్వేలో 12 ప్రదర్శనలతో మూతపడింది. ఆ తర్వాత యింగ్లీషు చేసినవాడు మార్క్ బ్లిట్జ్‌స్టైన్. 1937లో ఉక్కు కార్మికుల సంఘం గురించి 'ది క్రేడిల్ విల్ రాక్' రాసి, ప్రభుత్వం నాటకశాలకు తాళం వేస్తే ప్రేక్షకులను వెంటబెట్టుకుని మరొక హాలుకు నడిచి, వేదికమీద వొంటరిగా పియానో ముందు కూచున్న మనిషి. ఆ నాటకాన్ని అతను బ్రెహ్ట్‌కే అంకితమిచ్చాడు. 1954 మార్చి 10న గ్రీనిచ్ విలేజిలోని థియేటర్ డి లిస్‌లో అతని 'త్రీపెన్నీ ఒపేరా' మొదలైంది. మూడువందల సీట్లు కూడా లేని చిన్న హాలు. 96 ప్రదర్శనల తర్వాత హాలు మరొకరికి యివ్వవలసి వచ్చి ఆగింది. 1955 సెప్టెంబరులో తిరిగి మొదలై 1961 డిసెంబరు దాకా నడిచింది. మొత్తం ప్రదర్శనలు 2,600కు పైమాటే.

సంవత్సరం గమనించండి. మెకార్తీ ప్రభావం యింకా తగ్గని 1954. బ్రెహ్ట్ 1947 అక్టోబరు 30న విచారణ సంఘం ముందు సాక్ష్యం చెప్పి మర్నాడే అమెరికా విడిచిపోయిన మనిషి. 1958లో బ్లిట్జ్‌స్టైన్‌ను కూడా ఆ సంఘం పిలిపించింది. అటువంటి కాలంలో యీ నాటకం ఆడనిచ్చారంటే, పాటల తియ్యదనం దానికి కొంత రక్షణ కల్పించిందని వొప్పుకోవాలి. బ్లిట్జ్‌స్టైన్ బ్రెహ్ట్ భాషను కొంత మెత్తపరిచాడు కూడా. అది పిరికితనమని నేను అనను. కాని మెత్తపరిచిన మాట మెత్తగానే వినబడుతుంది.

యెంత దూరం మెత్తబడవచ్చో చూడాలంటే 'మాక్ ది నైఫ్' చాలు. చిత్రపటం నిలబెట్టి, కర్రతో బొమ్మలు చూపిస్తూ హత్యల కథలు పాడే జర్మన్ వీధిగాయకుల వరస అది. చేర్యాల పటం విప్పి కథ చెప్పేవారిని చూసినవాళ్లకు ఆ పద్ధతి వెంటనే బోధపడుతుంది. పాటలో వున్నది నేరాల జాబితా. 1955లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, ఆ తర్వాత 1959లో బాబీ డారిన్ దాన్ని దేశమంతా మోగించారు. చిన్నపిల్లలు తగలబడి చచ్చిన ఘట్టం, వితంతువుమీద అత్యాచారం ఆ పాటలలో లేవు. మిగిలిన హత్యలకు నాట్యం చేయవచ్చు. 1980ల చివరలో మెక్‌డొనాల్డ్స్ కంపెనీ రాత్రి భోజనాల ప్రకటనకు యీ వరసనే వాడుకున్నది. చంద్రుడి తల తగిలించుకున్న మనిషి పియానో వాయిస్తూ పాడేవాడు. మొదటి వర్గం మిత్రులు యీ వుదాహరణ చూపి వాదిస్తే నేను యెదురు చెప్పలేను.

అయితే అదే రికార్డులో మరొక పాట వుంది. 'పైరేట్ జెన్నీ' అంటే ఓడదొంగల జెన్నీ. చవకబారు హోటలులో అంట్లు తోమే ఆడమనిషి, తనను చూసి నవ్వే వూరివాళ్లను చూస్తూ, ఫిరంగులున్న వొక ఓడ రేవుకు రావటం కలగంటుంది. ఓడవాళ్లు దిగి, వూరివాళ్లను సంకెళ్లు వేసి ఆమె ముందు నిలబెట్టి, యెవరిని చంపమంటావని అడుగుతారు. ఆమె సమాధానం అందరినీ. తర్వాత ఆమె ఆ ఓడ యెక్కి వెళ్లిపోతుంది.

బ్రెహ్ట్ మూలంలో యీ పాట పాడేది జెన్నీ కాదు, పాలీ. తన పెళ్లివిందులో, పశువుల కొట్టంలో, దొంగల ముందు, తాను యెక్కడో చూసిన పనిమనిషిని అనుకరిస్తూ పాడుతుంది. దొంగలలో వొకడు ముచ్చటగా వుందని మెచ్చుకుంటే, ముచ్చట కాదు, యిది కళ అని మెకీత్ వాడిని కసురుతాడు. ఇద్దరికీ పాటలోని కోపం అంటదు. పాట విని ఆనందించి అర్థం వదిలివేసే శ్రోతను బ్రెహ్ట్ నాటకంలోపలే నిలబెట్టాడన్నమాట! ఆ శ్రోత తర్వాతికాలంలో రికార్డులు కొనేవాడు కూడా కావచ్చు.

న్యూయార్కులో యీ పాటను పాలీనుంచి తీసి వేశ్య జెన్నీకి యిచ్చారు. ఆ వేషం లోటె లేన్యాది. వైల్ భార్య, అప్పటికి ఆమెకు 55 యేళ్లు, అతను పోయి నాలుగేళ్లు. 1928లో కూడా జెన్నీ వేషం ఆమెదే. ఆనాటి కార్యక్రమపత్రంలో ఆమె పేరు పొరపాటున అచ్చుకాలేదు. 1930 రికార్డులో ఆమె గొంతు సన్నగా, పిల్లగొంతులాగా వుంటుంది. 1954 నాటికి అది బాగా కిందికి దిగి, గరుకుతేలింది. సంగీతజ్ఞులు దాన్ని లోపం అనవచ్చు. నాకు మాత్రం ఆ గరుకులో రెండు దశాబ్దాల ప్రవాసం వినబడుతుంది. పాలీ నోట వేళాకోళంగా వున్నది యిక్కడ సొంత పగ అయింది. చివర చంపమనే చోట ఆమె గొంతు పెంచదు, తగ్గిస్తుంది. వొణుకు కూడా లేదు.

దీనివల్ల నాటకం నష్టపోయిందని వాదించవచ్చు. అనుకరణలోని వ్యంగ్యం పోయింది, కోపం వ్యక్తిగతమైంది, బ్రెహ్ట్ తప్పించదలచిన తాదాత్మ్యం దొడ్డిదారిన వచ్చింది. సిద్ధాంతరీత్యా యీ వాదం సరైనదే. కాని రికార్డు విషయంలో నేను దీనికి తల వొంచను. పాలీ పాడితే వ్యంగ్యం తెలియటానికి పెళ్లివిందు, దొంగల మెచ్చుకోలు కళ్లెదుట వుండాలి. రికార్డులో అవి వుండవు. సందర్భం తీసేసినా నిలబడగలిగేది గొంతులోనే సందర్భాన్ని మోసే పాట. నాటకానికి దెబ్బ అయిన మార్పు రికార్డుకు ప్రాణం పోసిందని నా అభిప్రాయం. 'మాక్ ది నైఫ్' యెవరు పాడినా వొదిగిపోయే పాట కాబట్టే హోటలు ప్రకటనకు పనికివచ్చింది. 'పైరేట్ జెన్నీ' పాడేది యెవరు అన్న ప్రశ్నను తనతోనే తెస్తుంది.

1964లో నల్లజాతి గాయని నీనా సిమోన్ దీన్ని పాడింది. హోటలు అమెరికా దక్షిణాది వూరికి మారింది, అంతే. ఓడ యెవరిదో, నేల తుడిచేది యెవరో, నవ్వేది యెవరో కొత్తగా వివరించవలసిన అవసరం రాలేదు. 1960ల మొదట్లో అదే థియేటర్ డి లిస్‌లో బ్రెహ్ట్ పాటల ప్రదర్శనలో యీ పాట విని, దాని నిర్మాణాన్ని విడగొట్టి చూసుకున్నానని బాబ్ డిలన్ 2004లో అచ్చయిన తన జ్ఞాపకాలలో రాశాడు. యిద్దరూ పాటను ముచ్చటగా వుందని మెచ్చుకుని వూరుకోలేదు.

అన్నట్టు, ఆర్మ్‌స్ట్రాంగ్ 'మాక్ ది నైఫ్' రికార్డు చేస్తున్నప్పుడు లేన్యా ఆ గదిలోనే వున్నది. పాటలో మెకీత్ చుట్టూ వున్న ఆడవాళ్ల పేర్ల మధ్య అతను ఆమె పేరు కలిపి పాడేశాడు. డారిన్ కూడా అలాగే పాడాడు. 1928లో కాగితంమీద జారిపోయిన పేరు, యెవరి పేరో తెలియని లక్షలమంది నోట యీనాటికీ పలుకుతున్నది.

మొన్న మా ఎం.ఏ. విద్యార్థులకు క్లాసులో సెల్‌ఫోను మీద రెండు పాటలూ వినిపించాను. మొదటిదానికి బెంచీలమీద వేళ్లతో తాళం వేశారు. రెండవది అయిపోయిన తర్వాత వెనక వరసలో వొక అమ్మాయి, ఆ పనిమనిషి యింటివాళ్లతోపాటు వింటున్న మనల్ని కూడా చంపమంటుందా అని అడిగింది. ఆమె సమాధానంలో యెవరికీ మినహాయింపు లేదని చెప్పాను. తర్వాత యీ పాటను తెలుగులో ఆడించాలని వాళ్లు అనుకున్నారు. పాలీ చేత పాడించాలా, జెన్నీ చేత పాడించాలా అని సాయంత్రందాకా తగువులాడుకున్నారు. నేను జెన్నీ వైపు. వాళ్లలో హెచ్చుమంది పాలీ వైపు వున్నారు. రంగస్థలం మీద ఆడేది వాళ్లు, రికార్డు వినేవాణ్ణి నేను. బహుశా అందుకే కావచ్చు.